ఒక్క పెట్టెనా... ఆరు పెట్టెలా?

నల్గొండ రామగిరిలోని ఆ ఇంట్లో సజ్జ మీద ఓ అట్టపెట్టె ఉంది. దసరాకు ఇల్లు దులిపిన ప్రతిసారీ దాన్ని దించుతారు, తుడుస్తారు, మళ్లీ ఎక్కిస్తారు. పారేద్దామంటే మనసొప్పదు, వాడదామంటే పనికిరాదు. మీద అక్షరాలు వెలిసిపోయాయిగానీ ‘హోమ్ థియేటర్ సిస్టమ్’ అన్న ముక్క మాత్రం ఇప్పటికీ చదవొచ్చు. 2007 దసరాకు ప్రకాశం బజారులో 14 వేలు పోసి కొన్న సరుకది.

డీవీడీ ప్లేయరూ ఆంప్లిఫయరూ కలిసిన ఒక బల్లపరుపు పెట్టె, పిడికిలంత స్పీకర్లు ఐదు, మూలన కూర్చోబెట్టే సబ్‌వూఫరు ఒకటి. వైర్లకు రంగురంగుల పిన్నులు. ఎర్రదాన్ని ఎర్రదాంట్లో, పచ్చదాన్ని పచ్చదాంట్లో గుచ్చితే సరి. షాపు కుర్రాడు అరగంటలో బిగించి, టీ తాగి వెళ్లిపోయాడు. ఆ రోజుల్లోనే మోజర్ బేర్ కంపెనీ సినిమా వీసీడీలు 28 రూపాయలకూ, డీవీడీలు 34 రూపాయలకూ అమ్మడం మొదలుపెట్టింది. ఇక చెప్పేదేముంది! వారానికో సినిమా. గల్లీలో పిల్లలంతా ఆ హాల్లోనే.

ఆరేళ్లు బాగానే నడిచింది. 2013లో లెన్సు పోయింది. దాన్ని మార్పించిన ఆర్నెల్లకు ఆంప్లిఫయర్ బోర్డు కాలింది. ‘ఆ మోడల్ బోర్డు ఇప్పుడు రావట్లేదు సార్’ అన్నారు సర్వీసు వాళ్లు. ఐదు స్పీకర్లకూ ఏ రోగమూ లేదు. అయినా తలకాయ పోయాక కాళ్లూ చేతులూ ఉండి ఏం చేసుకోవాలి? పెట్టె సజ్జెక్కింది.

ఇన్నేళ్ల తర్వాత మళ్లీ ఆ ఇంట్లో హోమ్ థియేటర్ మాట వచ్చింది. ఈసారి సినిమాల మోజుతో కాదు... పెద్దాయన కోసం.

పెద్దాయన జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరుగా 2005లో రిటైరయ్యారు. బోర్డు మీద లెక్క రాస్తూనే, వెనక బెంచీలో ఎవడు గుసగుసలాడాడో తిరిగి చూడకుండా పేరుతో సహా చెప్పేవారట. భార్య పోయి ఆరేళ్లు. అప్పట్నుంచీ ఆర్నెల్లు నల్గొండలో కొడుకు దగ్గర, ఆర్నెల్లు మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో బిడ్డ దగ్గర ఉంటున్నారు. ఎక్కడున్నా సాయంత్రం ఏడు గంటలకు వార్తలు, ఆదివారం ఓ పాత సినిమా. అంతకుమించి ఆయన అడిగేదేమీ లేదు.

పాత డబ్బా టీవీ పోయి 43 అంగుళాల ఎల్‌ఈడీ వచ్చిన నాటి నుంచి తంటా మొదలైంది. వాల్యూమ్ 18లో ఉండాల్సింది 35కు చేరింది. మనవరాలు ఇంటర్ రెండో ఏడాది, ఎప్‌సెట్‌కు చదువుతోంది. రెండ్రోజులు చూసి, మూడో రోజు తన గది తలుపు కాస్త గట్టిగా వేసుకుంది. పెద్దాయన చెవికి ఆ చప్పుడు మాత్రం బాగానే వినబడింది. మర్నాటి నుంచి టీవీ దగ్గరికి రావడం తగ్గించారు. ‘కండ్లు మండుతున్నయ్’ అని వరండాలో కూర్చునేవారు. అసలు సంగతి పసిగట్టింది కోడలు.

‘మామయ్య నవ్వు మనందరి తర్వాత వస్తున్నది, చూసిన్రా?’ అంది ఓ రాత్రి భర్తతో. అందరూ నవ్వడం చూసి ఆయన నవ్వుతున్నారు... మాట అర్థమై కాదు.

ఆ మాట కొడుకుని నిద్రపోనివ్వలేదు. తెల్లారి మహబూబ్‌నగర్‌కు ఫోన్ చేశాడు. అక్కడి బావ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. ఆడియో పిచ్చి ఉన్న మనిషి. 2004లో కోఠి నుంచి ఓ స్టీరియో ఆంప్లిఫయర్ కొనుక్కొచ్చి, ఆ తర్వాత ఏడాదికో ముక్క చేర్చుకుంటూ పోయాడు. రెండు స్పీకర్లు, ఆనక మధ్యలోది, ఆనక రిసీవరు, వెనక రెండు, చివరికి సబ్‌వూఫరు. వాళ్లింట్లో వీటికి పట్టిన కాలంలో బిడ్డ పుట్టి బీటెక్ చేరింది.

‘బావా, ఒక్క సౌండ్‌బార్ తీసుకుంటె అయిపోతది గద?’

‘అయితది. మల్ల ఆరేండ్లకు సజ్జ మీద ఇంకో పెట్టె పెడ్తవ్’ అన్నాడు బావ.

వాదన అక్కడ మొదలై పదిహేను రోజులు నడిచింది. కొడుకు వైపు న్యాయం లేకపోలేదు. అన్నీ ఒకే కంపెనీవి కాబట్టి ఒకదానికొకటి కుదిరే ఉంటాయి. ఒక్క వైరు, ఒక్క రిమోటు. రేపు ప్రమోషన్ మీద ట్రాన్స్‌ఫర్ అయితే చంకలో పెట్టుకుని పోవచ్చు. గ్రానైట్ నేల మీద వైర్లు పాకితే ఊడ్చే మనిషికి చిరాకు... ఇది కోడలి మాట. అద్దె ఇంట్లో, పది పన్నెండు అడుగుల గదిలో ఉండేవాళ్లకు నిజంగానే ఒక్క పెట్టే మేలు. అలాంటి చోట ఆరు స్పీకర్లు పెట్టడం, ఆటోలో పెళ్లివారిని ఎక్కించినట్టుంటుంది.

బావ వాదన వేరు. 2019 వేసవిలో పాలమూరులో పిడుగు పడినప్పుడు ఆయన రిసీవరు కాలింది. ప్లగ్గు తీశాడుగానీ డిష్ నుంచి వచ్చే కేబుల్ తీయడం మరిచాడు. పోయింది రిసీవర్ ఒక్కటే. మిగతావన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఇంకో రిసీవర్ తెచ్చి తగిలిస్తే వ్యవహారం మళ్లీ మొదలు. స్పీకరు మంచిదైతే ఇరవై ఏళ్లకూ పాడవదు. మారేదల్లా మధ్యలోని ఎలక్ట్రానిక్స్. డీవీడీ పోయి బ్లూరే వచ్చింది, అదీ పోయి ఓటీటీలొచ్చాయి. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో పాటు ఏఆర్‌సీ అనే వెసులుబాటు వచ్చాక, టీవీలో వచ్చే ధ్వని అదే వైరు మీద వెనక్కి రిసీవరుకు వెళ్తుంది. మారేదాన్నీ మారనిదాన్నీ ఒకే డబ్బాలో పెట్టి సీలు వేయడమే తప్పంటాడు బావ.

మధ్యలో అక్క ఫోన్ అందుకుంది. ‘మీ ఇద్దరి పెట్టెల పంచాయితీ తర్వాత. ముందుగాల నాయిన చెవులు చూపియ్యిరా’ అంది.

అదీ నిజమే కదా! నల్గొండలోనే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. చెవుల్లో గుమిలి తీసి, గాజు గదిలో కూర్చోబెట్టి ఆడియోమెట్రీ పరీక్ష చేశారు. వచ్చిన గ్రాఫు ఎడమ నుంచి కుడికి గుట్ట దిగినట్టు దిగింది. అంటే, లావు శబ్దాలు బాగానే వినపడుతున్నాయి, సన్నవే తగ్గాయి. వయసుతో వచ్చే వినికిడి లోపం సాధారణంగా ఇలాగే ఉంటుంది. మన మాటలో అ, ఆ, ఓ లాంటి అచ్చులకు బలమెక్కువ. స, శ, త, క లాంటివి సన్నగా, బలహీనంగా ఉంటాయి. కానీ మాటకు అర్థం ఇచ్చేది హల్లులే. అవి జారిపోతే ‘తాత’ అన్నా ‘కాక’ అన్నా ఒకటే. వాల్యూమ్ పెంచితే అచ్చులూ పెరుగుతాయి, వెనక మ్యూజిక్కూ పెరుగుతుంది. చప్పుడు పెద్దదవుతుంది, మాట మాత్రం తేటపడదు. ‘వినబడ్తది, తెలుస్తలేదు’ అని పెద్దాయన ఎన్నోసార్లు అన్నమాట అక్షరాలా నిజమన్నమాట.

డాక్టర్ వినికిడి మిషన్ రాశారు. తెచ్చారు. దాంతో ఇంట్లో మాటలు తేలికయ్యాయి. కానీ ఆయన దాన్ని పెట్టుకునేది బ్యాంకుకు వెళ్లేటప్పుడు, మనవరాలు బతిమాలినప్పుడు. మిగతా వేళల్లో మిషన్ జేబులో, చెయ్యి చెవి దగ్గర! వినికిడి మిషన్‌కు ఏ హోమ్ థియేటరూ బదులు కాదు. ఆ సంగతి బావా చెప్పాడు, డాక్టరూ చెప్పారు. పెద్దాయనకు ఎవరు చెప్పాలన్నదే సమస్య.

అయితే తప్పంతా చెవులదే కాదు. పాత డబ్బా టీవీకి స్పీకర్ ముందువైపు, మనిషి ముఖానికి ఎదురుగా ఉండేది. ఈ పలచటి టీవీల్లో చాలావాటికి కింద గానీ వెనక గానీ ఉంటుంది. మాట గోడకో బల్లకో తగిలి వస్తుంది. సినిమాల సంగతికొస్తే, 1992లో డాల్బీ డిజిటల్, మర్నాటి ఏడాది డీటీఎస్ థియేటర్లకు వచ్చాక 5.1 పద్ధతి స్థిరపడింది. ముందు ఎడమ, కుడి, మధ్య, వెనక రెండు... ఇవి ఐదు. లోతైన ఉరుముల కోసం విడిగా ఉన్నదే ఆ పాయింట్ ఒకటి. ఈ ఐదింట్లో పాత్రల మాటలు ఎక్కువగా ఉండేది మధ్య చానల్‌లో. టీవీ ఈ మొత్తాన్ని రెండు చిన్న స్పీకర్లలోకి కలిపి కుక్కుతుంది. అదే మధ్య చానల్‌కు సొంత స్పీకరు ఉంటే, మ్యూజిక్‌ను కదపకుండా మాటను మాత్రమే నాలుగు డెసిబెల్స్ పైకి లేపొచ్చు.

‘గిదే మనకు కావాల్సింది. బాంబుల సౌండ్ కాదు, మధ్యది!’ అన్నాడు బావ.

‘సౌండ్‌బార్‌ల కూడ ఉంటదట గదా?’

కొన్నింట్లో ఉంటుంది. డబ్బా మీద 3.1 అనో 5.1 అనో ఉంటే మధ్యలో వేరే చానల్ ఉన్నట్టు. 2.1 అంటే లేనట్టు. అది చూసుకోకుండా కొనేవాళ్లే ఎక్కువ. ‘వాయిస్’ అనో ‘డైలాగ్’ అనో ఒక బటన్ ఇచ్చి, మాటలుండే భాగాన్ని కాస్త పైకెత్తేవీ ఉన్నాయి. చాలామంది ఇళ్లలో దాంతోనే పని జరిగిపోతుంది.

ఇక్కడ అక్క ఇంకో నిజం బయటపెట్టింది. మహబూబ్‌నగర్‌లో అంత గొప్ప సిస్టమ్ ఉంది కదా... అక్కడున్న ఆర్నెల్లూ నాయినకు బాగా వినబడాలి కదా? వినబడలేదు. ఎందుకంటే ఆ సిస్టమ్‌కు మూడు రిమోట్లు. ముందు రిసీవరు వేయాలి, ఇన్‌పుట్ మార్చాలి, టీవీ నోరు మూయాలి. బావ కాలేజీ నుంచి వచ్చాకే అది మోగుతుంది. మిగతా రోజంతా అక్క టీవీ స్పీకర్లతోనే సీరియల్ చూస్తుంది, ఆ పక్కన నాయిన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చుంటాడు. ‘లక్ష రూపాయల సామాను... మీ బావ ఇంట్ల లేకుంటె అది షోకేసే’ అంది. బావ కాసేపు ఏమీ మాట్లాడలేదు. విడిభాగాల పక్షాన వాదించేవాళ్లంతా దాటేసే సంగతి ఇదే. ఇంట్లో అందరికీ వేయడం వచ్చినప్పుడే అది ఇంటి వస్తువు.

రెండో శనివారం ఇద్దరూ హైదరాబాద్ వెళ్లారు. నల్గొండ నుంచీ, మహబూబ్‌నగర్ నుంచీ సుమారు 100 కిలోమీటర్లే. రెండు బస్సులూ ఎంజీబీఎస్‌కే. అక్కణ్నుంచి కోఠి గుజరాతీ గల్లీ ఎంత దూరం! ఆంప్లిఫయర్లు, మైకులు, ట్రాన్స్‌ఫార్మర్లు, విడి కోన్లు... సందులో ఇద్దరు పక్కపక్కన నడవలేరు. ఏ షాపుకెళ్లినా పెట్టేది ఒకటే డెమో. హెలికాప్టర్ వెనక నుంచి వచ్చి తల మీదుగా వెళ్తుంది, బాంబు పేలుతుంది, షట్టర్ అదురుతుంది. కొనేవాడికి ఒళ్లు జలదరిస్తుంది. ఇంటికెళ్లాక రోజూ హెలికాప్టర్లు చూస్తాడా అని అడిగేవాడు లేడు.

బావ జేబులోంచి పెన్ డ్రైవ్ తీశాడు. అందులో పెద్దాయన చూసే ఏడు గంటల వార్తల ముక్క ఒకటి, ఇద్దరు ముగ్గురు మాట్లాడుకునే పాత సినిమా సీన్లు రెండు. షాపాయన నవ్వాడు. ‘దీనికి ఇంత దూరమొచ్చిన్రా సార్?’ అన్నాడు. రెండు మూడు సెట్ల మీద వినిపించాడు పాపం. వార్తలు పెడితే తేడా తేలిగ్గా బయటపడింది. ఒకదాంట్లో యాంకర్ డ్రమ్ములోంచి మాట్లాడినట్టుంది, ఇంకోదాంట్లో ఎదురుగా కూర్చున్నట్టుంది. హెలికాప్టర్‌లో ఇవి రెండూ ఒకటే!

వాట్ల లెక్క కూడా అక్కడే తేలింది. ఒకప్పుడు డబ్బాల మీద పీఎంపీఓ అని వేలకు వేలు అచ్చేసేవారు. వెనక స్టిక్కరు చూస్తే అది కరెంటు లాగేది 60 వాట్లే. 60 తిని వేలల్లో కక్కే యంత్రాన్ని ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. అడగాల్సింది ఆర్‌ఎంఎస్ లెక్క. పవర్ రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెల్సే కాబట్టి ఇంటి హాలుకు 50 వాట్లకూ 100 వాట్లకూ తేడా చెవికి పెద్దగా తెలియదు కూడా.

సజ్జ మీది పాత స్పీకర్లను వాడుకుందామని కొడుక్కి గట్టి ఆశ. ‘ఐదు మంచిగనే ఉన్నయ్ గద బావా’ అని రెండుసార్లు అడిగాడు. కుదరదు. అవి 3 ఓమ్‌ల స్పీకర్లు. కొన్న రిసీవరు వెనక కనీసం 6 ఓమ్‌లని రాసి ఉంది. ఓమ్‌లు సగమైతే లాగే కరెంటు రెట్టింపు. రిసీవరు వేడెక్కి ఆగిపోతుంది, లేదా ఏకంగా కాలుతుంది. పైగా ఆ రంగు పిన్నులు దీనికి పట్టవు. ఒక్క పెట్టెగా అమ్మేవాళ్లు ముక్కలన్నీ వాటిలో వాటికే కుదిరేలా చేసుకుంటారు. దాని సుఖం అదే, దాని ఉరీ అదే. మళ్లీ దసరాకు వాటిని దించి తుడవాల్సిందే.

చివరికి కొన్నది రెండే. ఏఆర్‌సీ ఉన్న ఓ మామూలు రిసీవరు, దానికి తోడు మంచి సెంటర్ స్పీకరు. సెంటరుకు 9 వేలు, రిసీవరుకు 30 వేల పైచిలుకు. ముందు అటూ ఇటూ పెట్టే జతను బావ తన పాత వాటిలోంచి ఇచ్చాడు. వెనకవి లేవు, సబ్‌వూఫర్ లేదు. తర్వాత చూసుకోవచ్చు, చూసుకోకపోయినా నష్టం లేదు. రాగి పూత వేసిన అల్యూమినియం వైరు కాకుండా అసలు రాగి వైరే పది మీటర్లు తెచ్చారు. రిసీవరుతో వచ్చిన బుల్లి మైకును పెద్దాయన కుర్చీలో, ఆయన చెవి ఎత్తున దిండ్ల మీద పెడితే స్పీకర్ల దూరం, మోత అదే కొలుచుకుంది. దాని మీద సెంటర్‌ను నాలుగు డెసిబెల్స్ పెంచారు. టీవీ రిమోట్‌తోనే రిసీవరు కూడా లేచేలా సెట్టింగ్ పెట్టారు. మిగతా రిమోట్‌ను కోడలు డ్రాయరులో వేసి తాళమేసింది.

అయినా మొదటి రోజు మాట గుయ్‌మంది. బావ హాలు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాడు. శబ్దం గోడల మధ్య కాసేపు తిరిగింది. గ్రానైట్ నేల, నున్నటి గోడలు, అద్దాల కిటికీలు... ఈ రోజుల్లో కట్టే ప్రతి హాలూ ఇంతే. కోడలు లోపల్నుంచి వరంగల్ జంపఖానా తెచ్చి పరిచింది. కిటికీకి పల్చటి కర్టెన్ తీసి, మందపాటి పోచంపల్లి దుప్పటిని రెండు మడతలేసి కట్టింది. పెద్దాయన గదిలోని పుస్తకాల బీరువాను నలుగురూ పట్టి వెనక గోడకు చేర్చారు. రూపాయి ఖర్చు లేని ఈ పనికి వచ్చిన తేడా, 40 వేలకు వచ్చినదానికి ఏమాత్రం తీసిపోలేదు. ఆ మాట బావే ఒప్పుకున్నాడు, కాస్త కష్టంగానే.

ఆదివారం సాయంత్రం ‘మాయాబజార్’ పెట్టారు. 1957లో విడుదలైనప్పుడు పెద్దాయనకు పదేళ్లు. ఆ తర్వాతెప్పుడో ఊళ్లోకి టూరింగ్ టాకీస్ వచ్చినప్పుడు నేల మీద కూర్చుని చూశారు. 2010లో రంగులద్ది, డీటీఎస్ శబ్దంతో మళ్లీ విడుదల చేసినప్పుడు భార్యతో కలిసి థియేటర్‌కు వెళ్లారు. ‘రంగులది వద్దు, అసలుదే పెట్టుండ్రి’ అన్నారు. మనవరాలు పుస్తకం పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఆయన జేబులోంచి మిషన్ తీసి చెవికి పెట్టుకోవడం కోడలొక్కతే చూసింది.

సినిమా మొదలైన పది నిమిషాలకు కొడుకు ముఖం మాడింది. లేచి ఎడమ స్పీకరుకు చెవి ఆనించాడు, కుడిదానికి ఆనించాడు. రెండూ మూగే! వరండాలోకి వెళ్లి మహబూబ్‌నగర్‌కు ఫోన్ కొట్టాడు. ‘బావా, నువ్విచ్చిన రెండూ ఖరాబున్నట్టున్నయ్.’

బావ అవతల నవ్వుతున్నాడు. అప్పటి సినిమాలో శబ్దం ఒకే ట్రాకు. ఎడమకూ కుడికీ ఒకే ధ్వని వస్తే, దాన్ని మధ్యలోదిగా లెక్కగట్టి రిసీవరు మొత్తం సెంటరుకే పంపిస్తుంది. మూడున్నా, ఆరున్నా ఈ సినిమాకు మాట్లాడేది ఒక్క పెట్టే. ‘మరి గా మిగిలినవి ఎందుకు కొనిపిచ్చినవ్?’ అని కొడుకు గట్టిగానే అడిగాడు.

లోపల శశిరేఖ ప్రియదర్శిని పెట్టె మూత తీసి అభిమన్యుణ్ని చూసుకుంటోంది. ‘గదే చూడు బిడ్డా, మొట్టమొదటి టీవీ’ అని మనవరాలికి చూపించి, పెద్దాయన వరండా వైపు తిరిగారు.

‘ఎవడ్రా అది బయట గంతగనం మాట్లాడుతున్నది? సినిమా నడుస్తున్నది ఈడ!’